రోజ్‌మౌంట్ డీపీ ట్రాన్స్‌మిటర్: 1151 నుంచి 3051 దాకా, లోపల చూసి రాసిన సమీక్ష

రోజ్‌మౌంట్ 1151 అంటే రెండు వైపుల ప్రెషర్ల తేడాను (డీపీ) కొలిచి కరెంటు సిగ్నల్‌గా పంపే ట్రాన్స్‌మిటర్. దాని నడుమ ఉండే సెన్సింగ్ డయాఫ్రమ్ (ప్రెషర్‌కి వంగే పల్చటి లోహపు రేకు), ఫుల్ రేంజి ప్రెషర్ పడ్డప్పుడు కూడా కదిలేది దాదాపు 0.1 మిల్లీమీటరు. మామూలు జెరాక్స్ కాగితం మందం ఎంతో అంత. ఆ కాస్త కదలికను నమ్ముకునే ఆరిఫిస్ ఫ్లో (పైపులో చిల్లు పలక పెట్టి కొలిచే ప్రవాహం), ట్యాంకు లెవెల్, బాయిలర్ డ్రమ్ లెవెల్, ఫిల్టర్ ఎంత మూసుకుపోయిందో, అన్నీ కొలుస్తున్నారు. రోజ్‌మౌంట్ కంపెనీ చరిత్రలో ఏ మలుపు తీసుకున్నా చివరికి ఈ డయాఫ్రమ్ దగ్గరికే వస్తుంది.

1151నీ, దాని తరువాత వచ్చిన 3051నీ ఇక్కడ కలిపే చూస్తున్నాం. చాలా ప్లాంట్లలో ఈ రెండూ ఒకే రాక్ మీద పక్కపక్కనే ఉంటాయి, వాటి స్పేర్లు ఒకే అలమరలో ఉంటాయి, పొరపాట్లు కూడా అక్కడే మొదలవుతాయి. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఈ పెట్టెలో పాడయ్యేది చాలా తక్కువ. వచ్చే కంప్లయింట్లలో ఎక్కువ భాగం దాని బయట ఉండే అర అంగుళం ఇంపల్స్ ట్యూబులోనో (పైపు నుంచి ప్రెషర్‌ని తెచ్చే గొట్టం), మానిఫోల్డ్ వాల్వుల్లోనో, కాన్ఫిగరేషన్లోనో తేలుతుంది. లోపల నిజంగా పాడయ్యే విషయం ఒకటుంది. అది చిన్నది కాదు, దాని గురించి విడిగా చెబుతాం.

కంపెనీ పుట్టింది 1956లో, అమెరికాలోని మిన్నెసోటాలో. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి రోజ్‌మౌంట్ అనే ఊళ్లో ఏరోనాటికల్ పరిశోధనశాల ఉండేది. అక్కడ పనిచేసిన ఫ్రాంక్ వెర్నర్, వెర్నాన్ హీత్, రాబర్ట్ కెపెల్ బయటికొచ్చి, ఆ ఊరి పేరే పెట్టుకుని కంపెనీ మొదలుపెట్టారు. మొదట చేసింది ప్రెషర్ సరుకు కాదు, విమానాలకు బయటి గాలి ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్లు. వేగంగా పోయే విమానం మీద గాలి ఢీకొని ఆగేచోట వేడెక్కుతుంది. ఆ వేడితో కలిపి కొలిచే సెన్సారునే టోటల్ టెంపరేచర్ సెన్సార్ అంటారు. లోపల సన్నని ప్లాటినం తీగ, బయట మంచునీ అదురునీ తట్టుకునే గూడు. ఈ విమానాల చదువు తరువాతి సరుకులోనూ కనిపిస్తుంది. కదిలే భాగాలు తగ్గించు, సెన్సారును మూసేసి బయటి వాతావరణం తగలకుండా ఉంచు అన్న పట్టుదల 1151లో అణువణువునా ఉంది.

1151కి ముందు ప్లాంట్లలో రాజ్యమేలింది ఫోర్స్ బ్యాలెన్స్ పద్ధతి. 1908లో బ్రిస్టల్ సోదరులు మసాచుసెట్స్‌లో స్థాపించిన ఫాక్స్‌బొరో కంపెనీ డీపీ సెల్ దానికి మంచి ఉదాహరణ. డయాఫ్రమ్ క్యాప్స్యూల్‌కి ఒక ఫోర్స్ బార్ తగిలించి ఉంటుంది. ఆ బార్ పై చివర ఫ్లాపర్, దాని ఎదుట నాజిల్. ప్రెషర్ బార్‌ని తోస్తే ఫ్లాపర్ కదిలి నాజిల్ బ్యాక్ ప్రెషర్ మారుతుంది, రిలే ఆ మార్పును పెంచి బెలోస్‌కి పంపి బార్‌ని మళ్లీ తూకంలోకి తెస్తుంది. అవుట్‌పుట్ 3 నుంచి 15 పీఎస్ఐ గాలి. బాగా పనిచేసే యంత్రమే, ఇప్పటికీ మాకు గౌరవం. కానీ గాలిలో నూనె, తేమ ఉంటే నాజిల్ మూసుకుపోతుంది. పైపు అదిరితే బార్ అదురుతుంది. లింకేజీ వదులైతే జీరో (సున్నా ప్రెషర్ దగ్గరి రీడింగ్) జారుతుంది. ఎలక్ట్రానిక్ కాలం వచ్చినా చాలామంది ఇదే బార్‌ని ఉంచి, గాలి బెలోస్ బదులు అయస్కాంతం చుట్ట పెట్టి 10 నుంచి 50 మిల్లీ ఆంప్స్ పంపించారు.

1969లో వచ్చిన 1151 ఆ బార్‌ని పూర్తిగా తీసేసింది. అందులోని సెల్ (ప్రెషర్‌ని పసిగట్టే భాగం) రూపకల్పన రోజర్ ఫ్రిక్‌ది, 1971లో పేటెంట్ వచ్చింది. నిర్మాణం ఇలా ఉంటుంది. రెండు లోహపు గిన్నెలు, వాటి లోపల గాజు పోత. గాజు ముఖాన్ని కొద్దిగా లోతుగా చెక్కి దానిమీద సన్నని లోహపు పూత పూస్తారు, అదే కెపాసిటర్ ప్లేటు. రెండు గిన్నెల మధ్య బిగుతుగా లాగి వెల్డు చేసిన సెన్సింగ్ డయాఫ్రమ్. బయటి రెండు వైపులా ప్రాసెస్‌కి తగిలే ఐసోలేటింగ్ డయాఫ్రమ్‌లు. మధ్యనున్న ఖాళీ అంతా సిలికాన్ ఆయిల్. ఐసోలేటర్ మీద పడ్డ ప్రెషర్‌ని ఆయిల్ నడుమ డయాఫ్రమ్‌కి చేరుస్తుంది. డయాఫ్రమ్ ఒక ప్లేటుకి దగ్గరై రెండోదానికి దూరమవుతుంది. ఒక కెపాసిటెన్స్ పెరిగితే ఇంకొకటి తగ్గుతుంది.

ఇందులో మాకు బాగా నచ్చిన తెలివి ఒకటుంది. సర్క్యూట్ ఆ రెండు కెపాసిటెన్సుల తేడాను ఒక్కటే చూడదు, తేడాను మొత్తంతో భాగిస్తుంది. ఆయిల్ డైఎలెక్ట్రిక్ గుణం ఉష్ణోగ్రతతో మారుతుంది కదా, ఆ మార్పు లవంలోనూ హారంలోనూ ఒకేలా ఉండి కొట్టుకుపోతుంది. మిగిలిన టెంపరేచర్ ఎఫెక్ట్‌ని థర్మిస్టర్లతో సర్దుతారు. ఇంకొకటి ఓవర్ ప్రెషర్. ఒకవైపు ఐసోలేషన్ వాల్వు మూసి రెండోవైపు పూర్తి లైన్ ప్రెషర్ తగిలినా, సెన్సింగ్ డయాఫ్రమ్ ఆ లోతు చెక్కిన గాజుకి ఒరిగి ఆనుకుంటుంది, చిరగదు. జీరో కాస్త జరగొచ్చు, సెల్ మాత్రం బతుకుతుంది. ఫోర్స్ బార్ కాలంలో ఇంత ధైర్యం ఉండేది కాదు.

రేంజి సంగతి. 1151 డీపీలో ఎక్కువగా కనిపించేవి 3, 4, 5 కోడ్‌లు. 3వ కోడ్ 30 అంగుళాల నీటి మట్టం దాకా, 4వది 150 దాకా, 5వది 750 దాకా. ప్రతిదానిలోనూ స్పాన్‌ని (కొలిచే కింది, పై హద్దుల మధ్య తేడాని) ఆరో వంతు దాకా తగ్గించుకోవచ్చు. అనలాగ్ మోడల్ కచ్చితత్వం క్యాలిబ్రేటెడ్ స్పాన్‌లో 0.2 శాతం. అవుట్‌పుట్ 4 నుంచి 20 మిల్లీ ఆంప్స్ కాబట్టి, అంటే 16 మిల్లీ ఆంప్స్‌లో 0.032. కనీసం 12 వోల్టులు టెర్మినల్ దగ్గర ఉండాలి. 24 వోల్టుల సప్లైలో మిగిలే 12 వోల్టుల్ని 20 మిల్లీ ఆంప్స్‌తో భాగిస్తే 600 ఓమ్‌లు. కేబుల్, బ్యారియర్, ఇండికేటర్, రిసీవర్ రెసిస్టర్ అన్నీ కలిసి దీనికి లోబడాలి. లోబడకపోతే 4, 8, 12 బాగానే వచ్చి 18, 19 దగ్గర ఆగిపోతుంది. ట్రాన్స్‌మిటర్ స్పాన్ రావట్లేదని బోర్డు మార్చే ముందు టెర్మినల్ వోల్టేజి ఒకసారి కొలవండి.

అనలాగ్ 1151 క్యాలిబ్రేషన్‌లో తడబడేది ఎలివేటెడ్ రేంజి (సున్నాకి కింద మొదలయ్యే రేంజి) దగ్గర. ఒక ఉదాహరణ తీసుకుందాం. మూసిన ట్యాంకు, ట్యాపింగుల (ప్రెషర్ తీసుకునే చిల్లుల) మధ్య ఎత్తు 2000 మిల్లీమీటర్లు, లోపలి ద్రవం స్పెసిఫిక్ గ్రావిటీ 0.8, ఎల్‌పీ (తక్కువ ప్రెషర్) వైపు నీటితో నింపిన నిలువు గొట్టం, అంటే వెట్ లెగ్. ట్యాంకు ఖాళీగా ఉంటే హెచ్‌పీ (ఎక్కువ ప్రెషర్) వైపు సున్నా, ఎల్‌పీ వైపు 2000, కాబట్టి డీపీ మైనస్ 2000. నిండితే హెచ్‌పీ 1600, అప్పుడు డీపీ మైనస్ 400. స్పాన్ 1600 మిల్లీమీటర్ల నీటి మట్టం, ఎలివేషన్ స్పాన్‌లో 125 శాతం. 4వ కోడ్ సెల్‌కి ఇది హాయిగా సరిపోతుంది.

చేయాల్సిన వరస ఇదీ. మొదట ఎలివేషన్ మాట మరిచిపోయి 0 నుంచి 1600కి క్యాలిబ్రేట్ చేయాలి. సున్నా దగ్గర జీరో స్క్రూతో 4, 1600 దగ్గర స్పాన్ స్క్రూతో 20. స్పాన్ తిప్పితే జీరో కదులుతుంది, జీరో తిప్పితే స్పాన్ దాదాపు కదలదు. అందుకే రెండు మూడు సార్లు అటూ ఇటూ వెళ్లాలి. స్పాన్ కుదిరాకే ఎల్‌పీ వైపు 2000 ఇచ్చి, హెచ్‌పీ గాలికి వదిలి, జీరో స్క్రూతో 4కి తేవాలి. స్క్రూ చాలకపోతే కరెంటు తీసి లోపలి జంపర్‌ని ఎలివేషన్ స్థానంలోకి మార్చి మళ్లీ తిప్పాలి. తరువాత ఎల్‌పీకి 400 ఇస్తే 20 రావాలి. చాలామంది మొదటే జంపర్ మార్చి, మైనస్ అంకెలతోనే స్పాన్ వెతుకుతారు. ఒక స్క్రూ రెండోదాన్ని తరుముతూ పూట గడిచిపోతుంది.

ఈ మోడల్‌లో టెర్మినల్ వైపు టెస్ట్ అని రాసిన రెండు స్క్రూలు ఉంటాయి. వాటి మధ్య డయోడ్ ఉంటుంది, లూపు తెంచకుండా మిల్లీ అమ్మీటర్ పెట్టి కరెంటు చూసుకోవడానికి. సప్లై వైర్లు పొరపాటున అక్కడ బిగిస్తే ఆ డయోడ్ కాలిపోతుంది, లూపు తెగిపోతుంది. కంగారు పడనక్కర్లేదు, టెస్ట్ టెర్మినల్స్ రెండింటినీ వైరు ముక్కతో కలిపితే ట్రాన్స్‌మిటర్ పనిచేస్తుంది. ఆ చోట మీటరు పెట్టే సౌకర్యం మాత్రం పోతుంది.

1976లో ఎమర్సన్ ఎలక్ట్రిక్ రోజ్‌మౌంట్‌ని కొన్నది. 1992లో ఎమర్సన్ కంట్రోల్ వాల్వుల ఫిషర్‌ని కూడా కొని రెండింటినీ ఫిషర్ రోజ్‌మౌంట్‌గా కలిపింది. 1993లో కంపెనీ తొలి వృత్తి అయిన విమాన సెన్సార్ల విభాగం బీఎఫ్ గుడ్‌రిచ్ చేతికి వెళ్లింది. కొనేవాడికి వీటిలో పనికొచ్చే విషయం ఒక్కటే: పాత నేమ్‌ప్లేట్ల మీద ఏ పేరున్నా అదే వంశం, మోడల్ నంబరు వరస కూడా మారలేదు.

స్మార్ట్ ట్రాన్స్‌మిటర్ మొదట తెచ్చింది మాత్రం రోజ్‌మౌంట్ కాదు. 1983లో హనీవెల్ ఎస్‌టీ 3000 తెచ్చింది. రోజ్‌మౌంట్ 1980ల నడిమిలో హార్ట్ అనే పద్ధతితో జవాబిచ్చింది. 4 నుంచి 20 మిల్లీ ఆంప్స్ మీదే సన్నని అల ఒకటి ఎక్కిస్తారు, ప్లస్ మైనస్ 0.5 మిల్లీ ఆంప్. 1200 హెర్ట్జ్ అయితే ఒకటి, 2200 అయితే సున్నా. అల సగటు సున్నా కాబట్టి కంట్రోల్ రూమ్‌లో అంకె కదలదు. పాత కేబుల్ చాలు, పాత డీసీఎస్ (కంట్రోల్ రూమ్‌లోని కంప్యూటర్ వ్యవస్థ) చాలు. ఆ పద్ధతిని తనవద్దే దాచుకోకుండా పోటీ కంపెనీలకు కూడా ఇచ్చింది, 1993లో దానికి విడిగా ఫౌండేషన్ ఏర్పడింది. సెల్ తరువాత ఈ కంపెనీ చేసిన పనుల్లో మేం అన్నిటికన్నా పైన పెట్టేది ఇదే. ఏ కంపెనీ హ్యాండ్‌హెల్డ్‌తోనైనా (చేతిలో పట్టుకునే కమ్యూనికేటర్) ఏ కంపెనీ ట్రాన్స్‌మిటర్‌నైనా ఈరోజు పలకరించగలుగుతున్నాం అంటే ఆ నిర్ణయం పుణ్యమే. లూపులో కనీసం 250 ఓమ్‌లు ఉండాలన్న నియమం కూడా అక్కడిదే. పవర్ సప్లై అల పాలిట షార్టు లాంటిది, రెసిస్టర్ లేకపోతే అల అందులోనే మునిగిపోతుంది. బెంచి మీద నేరుగా సప్లైకి కలిపి కమ్యూనికేటర్ పలకట్లేదని వెనక్కి పంపిన మంచి ట్రాన్స్‌మిటర్లు లెక్కలేనన్ని.

1988లో 3051సీ వచ్చింది. పైకి చూస్తే చిన్నది, తేలిక. అసలు మార్పు సెన్సార్ స్థానంలో ఉంది. 1151లో సెల్ రెండు ఫ్లాంజిల మధ్య, ప్రాసెస్ పక్కనే ఉండేది. ఫ్లాంజి బోల్టుల బిగుతూ ప్రాసెస్ వేడీ నేరుగా సెల్‌కే తగిలేవి. 3051లో రెండు ఐసోలేటర్లనూ కింద ఒకే సమతలంలో పెట్టి, సన్నని ట్యూబుల్లో ఆయిల్‌ని పైకి నడిపి, సెల్‌ని మెడ భాగంలో పెట్టారు. అందుకే దానికి కోప్లానర్ అని పేరు. బోల్టుల ఒత్తిడి సెల్‌కి చేరదు, ప్రాసెస్ వేడి తగ్గి చేరుతుంది. సెల్ పక్కనే ఉష్ణోగ్రత సెన్సార్, ఆ సెల్ గుణగణాలన్నీ ఫ్యాక్టరీలో కొలిచి మాడ్యూల్‌లోనే ఉన్న మెమరీలో రాసిపెడతారు. పై బోర్డు మార్చినా సెల్ లెక్కలు పోవు. కచ్చితత్వం 0.075 శాతానికి వచ్చింది, రేంజిని వందో వంతు దాకా తగ్గించే వీలు వచ్చింది.

వందో వంతు అన్న మాటను మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. స్పాన్ బాగా తగ్గించాక 0.075 శాతం నిలవదు. కంపెనీ ఇచ్చే సూత్రంలోనే ఒక హద్దు దాటితే ఎర్రర్ పెరుగుతుందని ఉంటుంది. పదో వంతు దాకా నిశ్చింత. అంతకన్నా కిందికి పోవాలంటే తక్కువ రేంజి సెల్ కొనడమే మేలు. ఒకే స్పేర్‌ని అన్నిచోట్లా వాడుకోవచ్చని స్టోర్స్ వాళ్లకి సంతోషంగానే ఉంటుంది, డ్రాఫ్ట్ ప్రెషర్ (కొలిమిలోని అతి తక్కువ ప్రెషర్) చూసే ఆపరేటర్‌కి ఉండదు.

ఇక్కడ స్మార్ట్ ట్రాన్స్‌మిటర్లన్నిటికీ వర్తించే ఒక గందరగోళం గురించి చెప్పాలి. రీరేంజి, సెన్సార్ ట్రిమ్, అవుట్‌పుట్ ట్రిమ్ మూడూ వేరు. రీరేంజి అంటే ఏ ప్రెషర్‌కి 4, ఏ ప్రెషర్‌కి 20 అని చెప్పడం, అంతే. దానికి ప్రెషర్ సోర్స్ అక్కర్లేదు, అది క్యాలిబ్రేషన్ కాదు. సెన్సార్ ట్రిమ్ అంటే నువ్వు చూస్తున్న ప్రెషర్ నిజానికి ఇంత అని ట్రాన్స్‌మిటర్‌కి నేర్పడం, దీనికి మంచి ప్రెషర్ స్టాండర్డ్ కావాలి. అవుట్‌పుట్ ట్రిమ్ అంటే 4 పంపమంటే నిజంగా 4 పంపుతోందా అని మీటరుతో సరిచూడడం. కంట్రోల్ రూమ్‌లో అంకె కలవట్లేదని అవుట్‌పుట్ ట్రిమ్ చేసేస్తే, ట్రాన్స్‌మిటర్ డిజిటల్‌గా ఒక అంకె, మిల్లీ ఆంప్స్‌లో ఇంకొక అంకె చెప్పడం మొదలుపెడుతుంది. తప్పు నిజానికి కార్డులోనో రెసిస్టర్‌లోనో ఉంటుంది. ముందు హార్ట్‌లో ప్రాసెస్ వేల్యూ, లెక్క ప్రకారం రావాల్సిన మిల్లీ ఆంప్స్, మీటరులో మిల్లీ ఆంప్స్ మూడూ పక్కపక్కన రాసుకోండి. తేడా ఎక్కడ మొదలైందో కంటికే కనిపిస్తుంది.

0.075 శాతం అంటే 16 మిల్లీ ఆంప్స్‌లో 0.012. దీన్ని సరిచూసే ప్రెషర్ స్టాండర్డ్ కనీసం నాలుగు రెట్లు మెరుగ్గా, అంటే 0.02 శాతం దగ్గర ఉండాలి. 0.25 శాతం టెస్ట్ గేజితో 3051 సెన్సార్ ట్రిమ్ చేయడమంటే బాగున్నదాన్ని చేతులారా చెడగొట్టడం. ముందు 0, 25, 50, 75, 100 శాతాల దగ్గర ఎక్కుతూ దిగుతూ ఉన్నదున్నట్టు రాసుకోవాలి. హద్దులోనే ఉంటే ముట్టుకోకూడదు.

ఫ్లో లూపుల్లో స్క్వేర్ రూట్ ఇంకో పెద్ద ఉచ్చు. డీపీ 25 శాతం ఉంటే ఫ్లో 50 శాతం. లీనియర్ అవుట్‌పుట్ 8 మిల్లీ ఆంప్స్, రూట్ అవుట్‌పుట్ 12. ట్రాన్స్‌మిటర్‌లో రూట్ పెట్టి, డీసీఎస్‌లోనూ రూట్ పెడితే 50 శాతం కాస్తా 70.7 శాతంగా కనిపిస్తుంది. మాయ ఏమిటంటే సున్నా దగ్గర సున్నా, వంద దగ్గర వంద సరిగ్గానే వస్తాయి. రెండు చివర్లు మాత్రమే చూసి సంతకం పెడితే ఈ తప్పు ఏళ్ల తరబడి బతుకుతుంది. లూప్ చెక్ ఎప్పుడూ మధ్యలో ఒక పాయింట్ దగ్గర చేయాలి.

జీరో జారడం కూడా ఫ్లోలో చాలా పెద్దదిగా కనిపిస్తుంది. జీరో 0.25 శాతం, అంటే 0.04 మిల్లీ ఆంప్ పైకి జరిగిందనుకోండి. లెవెల్ లూపులో ఎవరికీ తెలియదు. ఫ్లో లూపులో రూట్ తీస్తే, పంపు ఆగి ఉన్నా 5 శాతం ఫ్లో కనిపిస్తుంది. అందుకే లో ఫ్లో కటాఫ్ పెడతారు. కానీ కటాఫ్ పెంచుకుంటూ పోవడం జబ్బుని దుప్పటి కప్పి దాచడమే. జీరో ట్రిమ్ చేయాలి, అదీ లైన్ ప్రెషర్ మీద. వరస ఇది: ఎల్‌పీ ఐసోలేషన్ వాల్వు మూయండి, రెండు వైపుల్నీ కలిపే ఈక్వలైజింగ్ వాల్వు తెరవండి, హెచ్‌పీ తెరిచే ఉంచండి. ఇప్పుడు రెండు వైపులా ఒకే లైన్ ప్రెషర్, డీపీ సున్నా. కుదుటపడనిచ్చి జీరో ట్రిమ్. తిరిగి లైన్‌లోకి తేవడానికి ముందు ఈక్వలైజింగ్ మూసి, తరువాత ఎల్‌పీ తెరవాలి. గాలికి వదిలి చేసిన జీరోలో స్టాటిక్ ప్రెషర్ వల్ల వచ్చే జీరో ఎర్రర్ కలవదు. ఆవిరి లైన్లలో, వెట్ లెగ్ ఉన్నచోట్ల రెండు ఐసోలేషన్లూ తెరిచి ఉండగా ఈక్వలైజింగ్ ఎప్పుడూ తెరవకూడదు. లెగ్‌లో నిలిపిన నీళ్లు అటునుంచి ఇటు పారిపోతాయి. మళ్లీ కండెన్సేట్ నిండేదాకా రీడింగ్‌కి విలువ ఉండదు, వేడి ఆవిరి నేరుగా సెల్ దాకా వస్తుంది. సిలికాన్ ఆయిల్ ఉన్న 1151 ఓర్చుకునేది 104 డిగ్రీల దాకా, కోప్లానర్ ఫ్లాంజితో 3051 దాదాపు 121 దాకా. కొత్త ఆవిరి లైను తెరిచే ముందే ఇంపల్స్ ట్యూబుల్ని నీటితో నింపమనేది అందుకే.

ఇంపల్స్ లైన్ వాలు మీటరుకి 8 సెంటీమీటర్లు ఉండాలి. ద్రవానికి ట్రాన్స్‌మిటర్ ట్యాపింగుల కింద, గ్యాస్‌కి పైన. దీన్ని చిన్న విషయంగా తీసిపారేసేవాళ్ల కోసం ఒక లెక్క. స్పాన్ 2500 మిల్లీమీటర్ల నీటి మట్టం, ఫ్లో 50 శాతం, అంటే డీపీ 625. హెచ్‌పీ లెగ్‌లో 100 మిల్లీమీటర్ల ఎత్తున గాలి బుడగ చిక్కుకుంటే డీపీ 525 అవుతుంది, ఫ్లో 45.8 శాతంగా కనిపిస్తుంది. 0.075 శాతం ట్రాన్స్‌మిటర్ కొని నాలుగు శాతం పైన తప్పు చదువుతున్నారన్నమాట. డ్రెయిన్ వెంట్ స్క్రూ పావు వంతు తిప్పితే పోయే బుడగ అది.

ఇప్పుడు లోపలి లోపం సంగతి. 1987లో అమెరికాలో మిల్‌స్టోన్ అణు విద్యుత్ కేంద్రం మూడో యూనిట్‌లో రోజ్‌మౌంట్ ట్రాన్స్‌మిటర్లు వింతగా ప్రవర్తించాయి. విచారిస్తే సెల్‌లో గాజు, లోహం అతుకు దగ్గర ఆయిల్ మెల్లగా కారిపోతోందని తేలింది. 1990 మార్చిలో అమెరికా అణు నియంత్రణ సంస్థ 90-01 నంబరు బులెటిన్ ఇచ్చింది, 1992లో దానికి అనుబంధం వచ్చింది. ముఖ్యంగా గురిపెట్టింది 1989 జూలైకి ముందు తయారైన 1153, 1154 అనే అణు కేంద్రాల మోడళ్ల మీద. మూలం అదే రకం సెల్ కాబట్టి పాత 1151లు ఉన్నవాళ్లు కూడా తెలుసుకోవాల్సిన విషయమే. లైన్ ప్రెషర్ ఎక్కువగా ఉండి, ఎక్కువ కాలం నడిచిన వాటికి ముప్పు ఎక్కువ. లక్షణాలు మెల్లగా వస్తాయి: రీడింగ్ ప్రతి క్యాలిబ్రేషన్‌లోనూ ఒకే వైపు జారుతుంది, స్పందన మందగిస్తుంది, చివరికి ప్రెషర్ పెంచినా ఒక అంకె దాటి పైకి పోదు. జీరో, స్పాన్ తిప్పి మూడుసార్లు సరిచేశారంటే మూడుసార్లూ జబ్బుని వాయిదా వేసినట్టే. అందుకే క్యాలిబ్రేషన్ షీట్లు పారేయకూడదు. ఒకే దిశలో వరుసగా మూడు జారుళ్లు కనిపిస్తే ఆ సెల్‌ని మార్చేయాలి.

హైడ్రోజన్ సర్వీసులో ఇలాంటిదే ఇంకో జబ్బు ఉంది, ఏ కంపెనీ సెల్‌కైనా వచ్చేది. హైడ్రోజన్ పరమాణువులు పల్చటి ఐసోలేటర్‌లోంచి దూరి, ఆయిల్‌లో జతకట్టి అణువులై, బుడగలుగా పేరుకుంటాయి. జీరో కదులుతుంది, లైన్ ప్రెషర్ తీసేసినప్పుడు ఐసోలేటర్ బయటికి ఉబ్బుతుంది. మోనెల్ (నికెల్, రాగి మిశ్రమం) ఐసోలేటర్ ఇక్కడ అస్సలు పనికిరాదు. బంగారు పూత పూసిన స్టెయిన్‌లెస్ ఐసోలేటర్ తీసుకోవాలి. ఆక్సిజన్ సర్వీసుకి సిలికాన్ ఆయిల్ కూడదు, ఇనర్ట్ ఫిల్ (ఆక్సిజన్‌తో కలిసి మండని ద్రవం) అని ఆర్డర్‌లోనే రాయాలి. ఐసోలేటర్ చిల్లు పడితే ఆయిల్, ఆక్సిజన్ కలుస్తాయి. ఈ రెండూ తరువాత సరిదిద్దే వీలులేని విషయాలు, మోడల్ కోడ్‌లోనే ఉండాలి.

లూపు తప్పు చెబుతున్నప్పుడు 3051 మిల్లీ ఆంప్స్‌తోనే ఒక మాట చెబుతుంది, దాన్ని చదవడం నేర్చుకుంటే సగం పని తగ్గుతుంది. స్టాండర్డ్ సెట్టింగ్‌లో 3.9 దగ్గర నిలిస్తే ప్రెషర్ రేంజికి కింద ఉందని, 20.8 దగ్గర నిలిస్తే పైన ఉందని అర్థం. అంటే ప్రాసెస్‌నో మానిఫోల్డ్‌నో చూడాలి. 3.75కి దిగిపోయినా, 21.75 దాటినా ట్రాన్స్‌మిటర్ తన లోపాన్ని తానే చెబుతోంది. పైకి పోవాలా కిందికి పోవాలా అన్నది బోర్డు మీది జంపర్ తేలుస్తుంది. పక్కనే రైట్ ప్రొటెక్ట్ (సెట్టింగులు మార్చనివ్వకుండా కాపాడే) జంపర్ కూడా ఉంటుంది. హ్యాండ్‌హెల్డ్ చదువుతోంది కానీ మార్చనివ్వట్లేదంటే ముందు చూడాల్సింది దాన్నే.

కొనాలా అంటే, కొత్త పాయింట్లకి 3051నే నిస్సంకోచంగా చెబుతాం. జపాన్ కంపెనీ యోకొగావా తెచ్చిన ఈజేఏ కుటుంబం కూడా సమానంగా నిలబడే సరుకు. అందులో సిలికాన్ రెసొనేటర్ సెన్సార్, తీగ శ్రుతి మారినట్టు ప్రెషర్‌తో ఫ్రీక్వెన్సీ మారుతుంది. ప్లాంట్‌లో ఇప్పటికే ఏవి ఎక్కువున్నాయో, మీవాళ్ల చేతులకి ఏవి అలవాటో వాటినే కొనసాగించడం మంచిది. నడుస్తున్న 1151లని వయసు చూసి పీకేయనక్కర్లేదు. లెవెల్, ఫిల్టర్ డీపీ లాంటి నెమ్మది పాయింట్లలో అవి ఇంకా బాగానే పనిచేస్తాయి. ప్రమాదం వస్తే ప్లాంట్‌ని ఆపే ట్రిప్ లాజిక్‌లో, అధిక ప్రెషర్‌లో, అమ్మే సరుకుని కొలిచే కస్టడీ మీటరింగ్‌లో ఉన్నవాటిని మాత్రం ముందు మార్చాలి.

మార్చేటప్పుడు 3051ని ట్రెడిషనల్ ఫ్లాంజితో ఆర్డర్ చేస్తే 1151 ఉన్నచోటే కూర్చుంటుంది. పోర్టుల మధ్య దూరం అదే 54 మిల్లీమీటర్లు, ట్యూబింగ్ వంచే పని ఉండదు. పాత ఓవల్ అడాప్టర్లు కూడా పడతాయి, చిక్కు అక్కడే ఉంది. 1151 అడాప్టర్ ఓ-రింగ్, 3051 అడాప్టర్ ఓ-రింగ్ ఒకటి కావు. చేతిలో పెట్టి చూస్తే దాదాపు ఒకేలా ఉంటాయి, గాడిలో కూర్చుంటాయి, హైడ్రో టెస్ట్ (నీటి ప్రెషర్‌తో చేసే పరీక్ష) కూడా తట్టుకున్నట్టే కనిపించవచ్చు. తరువాత ప్రాసెస్ లీకవుతుంది. అలమరలో రెండింటికీ వేరు డబ్బాలు పెట్టి మోడల్ నంబరు రాయండి. టెఫ్లాన్ ఓ-రింగ్ ఒకసారి నలిగాక మళ్లీ వాడకూడదు. ఫ్లాంజి బోల్టులు ముందు చేత్తో, తరువాత ఎదురెదురుగా టార్క్ రెంచితో బిగించాలి. 3051 కోప్లానర్ ఫ్లాంజికి కార్బన్ స్టీల్ బోల్టులైతే తొలి బిగింపు 34 న్యూటన్ మీటర్లు, చివరిది 73. 316 స్టెయిన్‌లెస్ బోల్టులైతే 17, తరువాత 34. టెఫ్లాన్ బిగింపు కింద మెల్లగా పక్కకి జరుగుతుంది కాబట్టి, లైన్ ఒకసారి వేడెక్కి చల్లారాక ఐసోలేట్ చేసి, ప్రెషర్ వదిలి, అదే టార్క్‌కి మళ్లీ ఒకసారి బిగించాలి.